ఒక దీర్ఘం

కాల్చిన మిరపకాయల పొట్టు ఒలుస్తుంటే మా అత్తగారు అడిగారు, "ఏమ్మా, నీ కోడి ఇంకా కూయలేదా?" అని. సెప్టెంబరు వచ్చిందంటే మా రూసె ఊళ్ళో ఏ బాల్కనీ చూసినా మిరపకాయలు కాలుతూ ఉంటాయి. చలికాలానికి సరిపడా ల్యూతెనిత్స పచ్చడి జాడీల్లోకి ఎక్కకపోతే ఆ ఇంటి కోడలు కోడలే కాదు. మాడిన పొట్టు గోళ్ళలోకి దూరితే ఎంత తోమినా వదలదు, నేను ఆ వేళ్ళతోనే వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. ఆవిడ కోడి అన్నది వంటింటి బల్ల చివర వైర్లు తగిలించుకుని పడి ఉన్న చిన్న డబ్బాని. చూపు లేనివాళ్ళకి పుస్తకం చదివి వినిపించే డబ్బా అది. మా ఆయన రూమెన్ పనిచేసే కంపెనీ తయారుచేస్తోంది. అందులో నోరు తప్ప అన్నీ పనిచేస్తున్నాయి. "ఈ అయిదు నెలల్లో నేను రెండు స్వెట్టర్లు అల్లాను. కనీసం తొడుక్కోవడానికి పనికొస్తాయి," అన్నారు అత్తగారు. నేను ఇంకో మిరపకాయ అందుకున్నాను.

ఏప్రిల్‌లో రూమెన్ ఆ డబ్బా తెచ్చి బల్లమీద పెట్టి, "ఆఫీసులో ఇద్దరు చూసి చేతులెత్తేశారు. నువ్వెలాగూ ఖాళీగానే ఉంటున్నావుగా, కాస్త చూడు," అన్నాడు. ఖాళీగా! మా నేవెనాకి అప్పుడు ఏడాది. తెల్లారి లేచింది మొదలు పాలు, గంజి, ఉతుకుడు, మెట్లమీద అత్తగారి పిలుపులు, మళ్ళీ పాలు. పిల్ల మధ్యాహ్నం పడుకునే గంటన్నర తప్ప నాకంటూ ఏమీ లేదు, ఆ గంటన్నరకే ఖాళీ అని పేరు పెట్టాడు. అయినా సిగ్గులేకుండా చెప్తున్నాను, ఆ డబ్బాని ఆశగా అందుకున్నాను. ప్రసూతి సెలవు అయ్యేలోగా నా పాత కంపెనీ మూతపడింది. వచ్చే మార్చిలో కొత్త ఉద్యోగం వెతుక్కోవాలి, రెండేళ్ళు ఏం చేశావంటే ఏం చూపించను? ప్రోగ్రాంలు రాసే మా వృత్తిలో ఒక పద్ధతుంది. ఇలాంటి డబ్బాకి నోరిచ్చే డ్రైవర్, అంటే లోపలి శబ్దం చిప్పుకీ కంప్యూటర్‌కీ మధ్య మాట కుదిర్చే ప్రోగ్రాం, ప్రపంచమంతా కలిసి రాసుకునే పెద్ద ప్రోగ్రాంలో చేరితే, రాసినవాళ్ళ పేరు అందులో ఎప్పటికీ ఉంటుంది. ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. నాకు ఆ ఒక్క వరుస కావాలి.

చిప్పు తయారుచేసినవాళ్ళు పదకొండు పేజీల పుస్తకం ఇచ్చి చేతులు దులుపుకున్నారు. చిప్పు లోపల గదుల్లాంటివి రెండు వందల యాభై ఆరు, గదికి ఎనిమిది స్విచ్చులు. నలభై గదుల సంగతి రాసి, మిగతా అన్నిటికీ 'ముట్టుకోవద్దు' అని ఒకే మాట. పిల్ల పడుకోగానే చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని, ముట్టుకోవద్దన్న గదులు ఒక్కొక్కటే ముట్టుకుంటూ పోయాను. నూట డెబ్బయి రెండో గదిలో అయిదో స్విచ్చు వేసేసరికి చెవిలో సన్నగా కుయ్‌మంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. హెడ్‌ఫోన్ వైరు ఊడదీసి స్పీకరు పెట్టాను, పిల్ల ఉలిక్కిపడి లేచి గుక్కపెట్టింది. అత్తగారు పైకొచ్చి చూసి, "పిల్ల ఏడుస్తుంటే ఆ నవ్వేంటమ్మా?" అన్నారు. రూమెన్ సాయంత్రం విని, "భలే. నా సంగతి గట్టెక్కించావ్," అన్నాడు. నా సంగతి అన్నాడు. అప్పుడే నాకు తట్టి ఉండాల్సింది.

డబ్బా కంపెనీది కాబట్టి నేను రాసిన డ్రైవర్‌ని ఆ పెద్ద ప్రోగ్రాంకి పంపాల్సింది రూమెన్. రాసినవాళ్ళ పేరు వేరే వరుసలో ఉంటుంది. అక్కడ 'ఆర్. కలైజీవా' అని రాశాను. రుమ్యానా అని పూర్తిగా రాసుకోవడానికి మొహమాటం అడ్డొచ్చింది. మా దేశంలో మగవాడి ఇంటిపేరు పొల్లుతో ఆగిపోతుంది, అదే ఇంటిపేరు ఆడదానికొస్తే చివర దీర్ఘం వస్తుంది. ఆయన కలైజీవ్, నేను కలైజీవా. ముందున్న ఆర్ ఇద్దరికీ ఒకటే. ఆ ప్రోగ్రాం గుమ్మం దగ్గర కాపలా ఉండే ఎకార్ట్ అనే జర్మన్ పెద్దమనిషికి ఈ గొడవ ఏం తెలుసు? 'పంపినవారు ఆర్. కలైజీవ్, రాసినవారు ఆర్. కలైజీవా అని ఉంది. అచ్చుతప్పు అనుకుంటాను, సరిచేసి చేర్చుకోమంటారా?' అని అడిగాడు. మా ఆయన 'అవును' అని జవాబిచ్చాడు.

నేను చూసేసరికి వారం దాటింది. అక్కడ ఒకసారి చేరినదాన్ని మార్చరు. అందులో ఒక్క అక్షరం కదిలినా దానిమీద పేర్చినవన్నీ కూలిపోతాయి. ఎకార్ట్‌కి నేనే రాశాను. చాలా మర్యాదగా క్షమించమన్నాడు, తన చేతుల్లో ఏమీ లేదన్నాడు.

"చూసుకోలేదు రూమీ. చేర్చుకోమంటారా అంటే అవునన్నాను," అన్నాడు రూమెన్. "ఒక్క దీర్ఘం కోసం ఇన్ని దీర్ఘాలు తీస్తావేంటి? ఇద్దరిదీ ఒకటే ఇంటిపేరేగా."

"ఒకటే అయితే ఆ దీర్ఘం నువ్వు తగిలించుకో."

"ఆఫీసులో నవ్విపోతారు. మగాడికి అదేం పేరు?" అని తనే నవ్వాడు.

అత్తగారు పచ్చడి జాడీల మూతలు బిగిస్తూ, "మొగుడికి పేరొస్తే పెళ్ళానికి వచ్చినట్టు కాదూ," అన్నారు. ఆవిడ మంచికే అన్నారు, నిజంగానే అలా నమ్ముతారు. ఇద్దరిలో ఎవరితో పోట్లాడాలో తెలియక పిల్లకి స్నానం చేయించడానికి లేచాను. ఆ నెల నుంచి ఇంటికొచ్చినవాళ్ళందరూ రూమెన్ భుజం తట్టేవారు, నేను కాఫీలు ఇచ్చేదాన్ని. నేను రాశానని చెప్తే, "ఓహో, మీరూ సాయం చేశారా!" అనేవారు. నేను వాళ్ళకి ఇంకో కప్పు కాఫీ పోసేదాన్ని. మూడు ఉద్యోగాలకి దరఖాస్తు పెట్టాను. ఒకళ్ళు మాత్రం జవాబు రాశారు, ఆ డ్రైవర్ రాసింది ఒక మగాయన కదండీ అని.

ఫిబ్రవరిలో ఒక పెద్దాయన నుంచి ఫిర్యాదు వచ్చింది. డబ్బా ఆన్ చేయగానే చెవిలో పిడుగు పడ్డట్టు శబ్దం వస్తోందనీ, తనకు ఉన్నవి ఆ చెవులేననీ రాశాడు. నేను రాసినదంతా మళ్ళీ తెరిచి చదివాను. తప్పు నాదే. స్విచ్చు వేశాక ఆగాల్సినంతసేపు ఆగకుండా స్పీకరు తెరిచాను. పిల్ల లేస్తుందన్న భయంతో ఒక్కసారంటే ఒక్కసారి కూడా శబ్దం పూర్తిగా పెంచి వినలేదు, అందుకే నాకు తెలియలేదు. ఆ ప్రోగ్రాం రాసేవాళ్ళందరూ చదివే ఉత్తరాల్లోనే ఎకార్ట్ అడిగాడు, కలైజీవ్ గారూ, ఇలా ఎందుకు రాశారు అని. నేను పిల్లకి అన్నం పెడుతూ జవాబు ఆలోచించుకునేలోపే రూమెన్ ఆఫీసు నుంచి జవాబిచ్చేశాడు.

'ఇది నేను రాసింది కాదు. నా భార్య రుమ్యానా కలైజీవా అయిదు నెలలు ఇంట్లో కూర్చుని మొదటి నుంచి చివరిదాకా తనొక్కతే రాసింది. అందులో నేను ఒక్క వరుస కూడా ముట్టుకోలేదు.'

పొల్లుపోకుండా రాశాడు, దీర్ఘంతో సహా.

నేవెనా పడుకున్నాక తప్పు దిద్ది, శబ్దం పూర్తిగా పెంచి విన్నాను. పిల్ల లేచి ఏడ్చింది. పిల్లని చంకనేసుకుని, దిద్దినదాన్ని ఎకార్ట్‌కి పంపాను, ఈసారి పేరు పూర్తిగా రాసి. తర్వాత ఇంకో ఉద్యోగానికి దరఖాస్తు తెరిచాను. మీరు చేసిన పనికి రుజువు జతచేయండి అని ఉన్నచోట, నా మొగుడు నన్ను పట్టించిన ఆ ఉత్తరాన్ని జతచేశాను. రెండేళ్ళలో ఆయన నా గురించి రాసిన నిజం అదొక్కటే.