సరిసగం దూరం

స్టవ్వు మీద పొంగి ఎండిపోయిన పాల చారను ఆమె గోటితో గీకుతుండగా హాల్లోంచి భర్త గొంతు ఉత్సాహంగా వినిపించింది.

"దొరికింది! ఇలా వచ్చి చూడు."

చేతులు తుడుచుకుంటూ వెళ్ళింది. బల్ల మీద నగర పటం పరిచి ఉంది. అతని ఉద్యోగం భవనాల ప్లాన్లు గీయడం. ఇంట్లో కూడా స్కేలూ పెన్సిలూ చేతికందేంత దూరంలోనే ఉంటాయి. తన ఆఫీసు దగ్గర ఒక చుక్క, ఆమె పనిచేసే ప్రయోగశాల దగ్గర మరో చుక్క పెట్టి, రెంటినీ గీతతో కలిపి, సరిగ్గా సగంలో మూడో చుక్క పెట్టాడు.

"నీకు తొమ్మిది కిలోమీటర్లు, నాకు తొమ్మిది కిలోమీటర్లు. ఈ పేటలోనే ఇల్లు చూద్దాం. నీకూ అన్యాయం లేదు, నాకూ లేదు."

"పాము చావకుండా కర్ర విరగకుండా తేల్చేశావురా తమ్ముడూ!" అంది వదిన. ఆవిడ అతని అక్క. ఈ మహానగరానికి వచ్చిన రెండు నెలలుగా కొత్త దంపతులు ఉంటున్నది ఆవిడ ఇంట్లోనే. నెలాఖరుకు ఆవిడ అత్తమామలు వస్తున్నారు కనుక గది ఖాళీ చేయక తప్పదు. "మీ అన్నయ్యగారు ఈ ఇల్లు చూసినప్పుడు నన్ను మాటమాత్రం అడగలేదు. నీ మొగుడు కొలిచి మరీ ఇస్తున్నాడు. పెట్టి పుట్టావే అమ్మాయ్!"

ఆమె ఆ చుక్కను పరీక్షగా చూసింది. చుక్కకూ ప్రయోగశాలకూ నడుమ సరుకు రైళ్ళ యార్డు నల్లటి దువ్వెనలా అడ్డంగా పడి ఉంది.

"మధ్యలో ఈ యార్డు ఉంది కదండీ. గీత దాటుతుంది, బస్సు దాటదేమో."

"నీకన్నీ సందేహాలే. ఇంత ఊళ్ళో దారే ఉండదా?"

ఆమె తిరిగి వంటింట్లోకి వెళ్ళింది. పాల చార ఇంకా అక్కడే ఉంది.

ఆమె పనిచేసే ప్రయోగశాలకు ఊళ్ళోని దుకాణాల త్రాసులూ ఆసుపత్రుల థర్మామీటర్లూ పరీక్షకు వస్తాయి. ఆమెకు పని నేర్పుతున్న పెద్దావిడకు అక్కడివాళ్ళు పెట్టుకున్న పేరు సున్నా మేడం. ఏ త్రాసు వచ్చినా ఆవిడ మొదటి మాట ఒకటే: "ముందు సున్నా చూడు." పళ్ళెంలో ఏమీ లేనప్పుడు ముల్లు ఎక్కడ నిలుస్తున్నదో చూడకుండా, ఏదో పెట్టి తూచితే వచ్చే అంకె ఎంత నిఖార్సుగా కనిపించినా అబద్ధమేనని ఆవిడ సిద్ధాంతం. చుక్కల సంగతి విని ఆవిడ కళ్ళజోడు పైకి నెట్టుకుంది.

"ఆ పేట నుంచి పొద్దున పూట ఎప్పుడైనా వచ్చావా?"

"లేదండీ."

"అయితే నీకు దూరం తెలుసు, ప్రయాణం తెలీదు. రెండూ ఒకటి కావమ్మాయ్."

మర్నాడే ఆమె పెందలాడే బయలుదేరి, ముందు ఆ పేటకు వెళ్ళి, అక్కడి నుంచి ప్రయోగశాలకు వచ్చింది. ఒక బస్సు యార్డు గేటు దాకా. గేటు మూసి ఉంటే నిరీక్షణ. పట్టాల మీద నడకవంతెన. అవతల మరో బస్సు. చివర అరమైలు నడక. మొత్తం గంటా నలభై ఎనిమిది నిమిషాలు. అదే పేట నుంచి భర్త ఆఫీసుకు ఒకే రైలు, ఇరవై రెండు నిమిషాలు.

సాయంత్రం ఆ మాట చెబితే అతను నవ్వాడు. "సైన్సు చదివినదానివి, ఒక్క రీడింగుతో తీర్పు చెప్పేస్తావా? ఇవాళ ఏ ట్రాఫిక్కో అడ్డుపడి ఉంటుంది."

ఆ మాటలో న్యాయం ఉందని ఆమెకు తోచింది. ఒక్క రీడింగు నిజంగానే చాలదు. పది పనిదినాలు ఆమె అదే దారిన వెళ్ళింది. మొగుణ్ణి ఒప్పించడానికి ఏడ్చేవాళ్ళను చూశాం, అలిగేవాళ్ళను చూశాం. పది రోజులు గడియారం చేతబట్టుకుని ఒప్పించాలనుకున్న పిచ్చితల్లి మాత్రం ఈమె ఒక్కతే కావచ్చు. తెల్లవారకముందే లేచి కూరలు తరిగిపెట్టి, నలుగురికీ అన్నం డబ్బాలు సర్ది, వదిన పిల్లల యూనిఫారాలు ఇస్త్రీ చేసి బయటపడేది. ఆ పనుల్లో ఏ ఒక్కటీ ఆమె పేరు మీద ఎవరూ రాసిపెట్టలేదు. అయినా ఒక్కనాడు డబ్బా మూత సరిగ్గా పడకపోతే మాత్రం "ఈ మధ్య నీ ధ్యాస ఇంట్లో ఉండటం లేదే" అని అందరికీ గుర్తొచ్చేది. నడకవంతెన మెట్లెక్కుతూ ఆమె ఆలోచించుకునేది: ఆ పేటకు వెళ్ళాక సాయంత్రం ఆరింటికే ఇల్లు చేరేవాడు అతను, ఎనిమిదింటికి చేరేది తాను. మరి ఎనిమిదింటికి వంట మొదలుపెట్టేది ఎవరు? పటం మీద ఆ ప్రశ్నకు చుక్క లేదు. అడిగితే అతను కోప్పడడు, కొట్టడు, అరవడు, "చూద్దాంలే" అంటాడు. ఇన్నాళ్ళుగా చూస్తున్నది తానొక్కతే. అయినా ఆమెకు నమ్మకం ఉండేది. చెయ్యి తిరిగినవాడు, కొలతలు తెలిసినవాడు; అంకెలు కళ్ళముందు పెడితే కాదనలేడు.

పదో రోజు సాయంత్రం పట్టిక అతని ముందు పెట్టింది. తేదీ, బయలుదేరిన వేళ, చేరిన వేళ, ఆలస్యానికి కారణం. సగటున గంటా నలభై ఆరు నిమిషాలు.

అతను శ్రద్ధగా చదివాడు. ఒక్క అంకెనూ తప్పుపట్టలేదు.

"చాలా చక్కగా రాశావు. నిజమే, ఇంత దూరం నువ్వు రోజూ తిరగలేవు." ఆమె ఊపిరి తేలికపడింది. అతను కాగితం మడిచాడు. "అయితే ఒక పని చెయ్యి. ఆ పేట దగ్గర్లో ఇంకేదైనా ఉద్యోగం చూసుకో. దొరికేదాకా ఇంట్లో ఉండు."

"అంతే కదా మరి!" వదిన అందుకుంది. "రెండు వారాలుగా కాలికి బలపం కట్టుకుని తిరుగుతున్నావు. నీ లెక్కే చెబుతోంది కదమ్మా, ఆ ఉద్యోగం నీకు పడదని. నీ చేతి రాతే!"

ఆమె ఇద్దరి ముఖాలూ చూసింది. ఇద్దరిలోనూ కపటం లేదు. అదే ఆమెను భయపెట్టింది. ఉద్యోగం బదులు ఆ ఇంటినే మార్చవచ్చునన్న ఆలోచన ఆ గదిలో ఎవరికీ రాలేదు. మారవలసింది ఏదన్నది ఆమె మొదటి బస్సు ఎక్కకముందే తేలిపోయింది. ఖాళీ పళ్ళెంతోనే ముల్లు ఒక పక్కకు వాలి ఉన్న త్రాసులో ఆమె పది రోజుల పాటు బరువులు వేస్తూ వచ్చింది.

"అంకెలు ఒప్పుకున్నారు మేడం," అంది మర్నాడు ప్రయోగశాలలో. "నా ఉద్యోగమే వద్దన్నారు."

సున్నా మేడం కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. "కొలిచింది నువ్వు. తీర్పు చెప్పమని కాగితం తీసుకెళ్ళి వాళ్ళ చేతికెందుకిచ్చావు?" అంది. తర్వాత, పని అయ్యాక, ఆమెను ప్రయోగశాల వెనక వీధికి తీసుకెళ్ళింది. అక్కడ బట్టలు కుట్టే ఒకావిడ ఇంటి పైవాటా ఖాళీగా ఉంది. రెండు చిన్న గదులు, వంటగట్టు, కిటికీలోంచి ప్రయోగశాల గోడ. నడిస్తే ఆరు నిమిషాలు.

"ఒక్కదానివేనా?" అడిగింది ఇంటావిడ, పెదాల మధ్య గుండుసూదితోనే.

"ప్రస్తుతానికి చూస్తున్నది ఒక్కదాన్నేనండీ."

"ఆదివారం సాయంత్రం లోపల చెప్పమ్మా. ఇంకొకరు అడుగుతున్నారు."

ఆదివారం ఉదయం ఇళ్ళ బ్రోకరు చుక్క పెట్టిన పేటలోని ఇంటి ఒప్పందపత్రం పట్టుకొచ్చాడు. అద్దెదారు స్థానంలో భర్త సంతకం చేశాడు. మొదటి సాక్షిగా వదిన భర్త చేశాడు. రెండో సాక్షిగా రావలసిన పక్కింటాయన ఊరెళ్ళాడు.

"నువ్వు పెట్టేయ్," అన్నాడు భర్త, కాగితం ఆమె వైపు జరిపి.

బ్రోకరు తల గోక్కున్నాడు. "అమ్మగారు ఆ ఇంట్లో ఉండబోయేవారే కదండీ. సాక్షి బయటివాళ్ళయితేనే మంచిది."

"మా ఆవిడేనండీ, ఎవరు చూడొచ్చారు? పెట్టు, పెట్టు. ఆయనకు ఇంకా నాలుగిళ్ళు తిరగాలి."

ఆమె పత్రం మొదటి నుంచి చివరిదాకా చదివింది. 'అద్దెదారుడు, అతని కుటుంబం' అని ఒకచోట ఉంది. ఆమె అడిగి ఉంటే ఆ పత్రంలో ఆమె పేరూ చేరేదేమో. ఇన్నాళ్ళూ అడుగుతూనే ఉంది. కలం తీసుకుని పేరు రాసింది, సంతకం చేసింది. సంతకం కింద చిరునామాకు రెండు గీతలు ఖాళీగా ఉన్నాయి. అక్కడ కలం ఒక్క క్షణం ఆగింది. తర్వాత తొందర లేకుండా, ప్రయోగశాల పుస్తకంలో రాసేంత స్పష్టంగా రెండు గీతలూ నింపింది.

బ్రోకరు కాగితం అందుకుని కళ్ళు చిట్లించాడు. "ఇదేంటమ్మా, ప్రయోగశాల వెనక వీధి, పైవాటా అని రాశారు? ఎవరిల్లిది?"

భర్త తలెత్తాడు. వదిన చేతిలో కాఫీ గ్లాసు సగంలో ఆగింది.

"నాదేనండీ," అంది ఆమె. "సాక్షి ఆ ఇంట్లో ఉండేవాళ్ళు కాకూడదన్నారుగా. నేను ఉండను."