మా మరిది వెటకారం

విజయవాడలో టెంటు వేసుకుని కూర్చున్న ఆడవాళ్ళ గురించి మా ఆత్రేయపురంలో మాట్లాడనివాడు పాపాత్ముడు. జన్మలో విజయవాడ మొహం చూడనివాడికి కూడా ఆ టెంటులో ఏం జరుగుతోందో నాకంటే బాగా తెలుసు. మా కొట్టు ముందు కారాపి, పూతరేకుల పెట్టె కట్టించుకుంటూ, గోడమీది టీవీ వైపు ఓ చూపు విసిరి, "పని ఎగ్గొట్టడానికి ఇదో వంకండీ" అంటాడొకడు. "ఊరికే ఎండలో ఎవరు కూర్చుంటారండీ, తలకింతని ఇస్తారు" అంటాడు ఇంకొకడు. బెల్లంవి కావాలా, పంచదారవి కావాలా అని అడుగుతూ నేను పళ్ళు కొరుక్కునేదాన్ని. ఆ టెంటులో మా చెల్లెలు వెంకటదుర్గ ఉంది.

దుర్గ మా ఊరి అంగన్‌వాడీ టీచరు. జీతాలు పెంచుతామని ఇచ్చిన మాట నిలబెట్టుకోండి మహాప్రభో అంటూ అన్ని జిల్లాల నుంచీ అంగన్‌వాడీ వాళ్ళు విజయవాడ వెళ్ళి కూర్చున్నారు. మా వైపు నుంచి వెళ్ళినవాళ్ళకి దుర్గే పెద్ద. ఈ ఊళ్ళో సగం మంది పిల్లలకి చెయ్యి పట్టుకుని 'అ' దిద్దించింది అదే, ముక్కు తుడిచిందీ అదే, గుడ్డు ఒలిచి తినిపించిందీ అదే. ఆ పిల్లల అమ్మానాన్నలే ఇవాళ "టీచరుగారికి టీవీలో కనబడాలని సరదా పుట్టిందండోయ్" అంటుంటే ఒళ్ళు మండదా మరి?

దాని మొగుడు సుధాకర్, నాకు మరిది. కౌలుకి వ్యవసాయం చేస్తాడు. మనిషి బంగారం. నోరే కాస్త వంకర. అసలు మా వైపు వాళ్ళకి సూటిగా మాట్లాడటం చేతకాదు. జోరున వాన పడుతుంటే "ఎండ మాడ్చేస్తోందండీ" అంటారు. పెళ్ళిభోజనంలో సాంబారు నీళ్ళలా ఉంటే "రెసిపీ కాస్త రాసివ్వండి, ఇంట్లో చేసుకుంటాం" అంటారు. అన్నవాడికీ తెలుసు, విన్నవాడికీ తెలుసు. ఆ విద్యలో సుధాకర్ అందరికంటే నాలుగాకులు ఎక్కువే చదివాడు.

ఆ రోజు హైదరాబాదు నుంచి యూట్యూబ్ చానల్ కుర్రాడొకడు పూతరేకులు ఎలా చేస్తారో వీడియో తీసుకుంటానని కెమెరామన్‌ని వెంటేసుకుని మా కొట్టుకి వచ్చాడు. కుండ మీద రేకు తీయడం చూపించాను, నెయ్యి రాసి మడవడం చూపించాను. అంతలో టీవీలో టెంటు కనబడింది. ఎరువుల కొట్టు గంగాధర్ గారు అక్కడే కుర్చీలో కూర్చుని పూతరేకు తింటున్నారు. అడిగినవాడు లేడు, చెప్పమన్నవాడు లేడు. "అదిగో బాబూ, ఆ ముందు వరసలో ఉన్నావిడ మొగుడు ఈయనేనండి" అని, నాకు సాయంగా పెట్టెలు కడుతున్న సుధాకర్‌ని వేలుపెట్టి చూపించారు. కుర్రాడి కళ్ళు మెరిశాయి. మైకు పూతరేకుల మీంచి లేచి మా మరిది మూతి దగ్గరికి వెళ్ళింది.

"సార్, మీ మిసెస్‌కి అక్కడ ఏమేం ఇస్తున్నారు?"

సుధాకర్ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. అప్పుడే నేను ఆపాల్సింది కానీ, నాకూ వినాలని సరదా వేసింది.

"అయ్యో, మీకు తెలీదాండీ? నోట్లు బస్తాల్లో వస్తున్నాయండి. మరి కుర్చీలెయ్యలేదు కదండీ, మా ఆవిడ ఆ బస్తా మీదే కూర్చుంటుందండి. ఏసీ బస్సులో తీసుకెళ్ళారండి. పొద్దున్నే పెసరట్టు ఉప్మా, మధ్యాహ్నం పలావు. రాత్రి పట్టెమంచం, దోమలు కుట్టకుండా విసరడానికి అటొక పోలీసు, ఇటొక పోలీసూనండి. ఇంక ఇంటికి రానంటుందండి, ఆయ్!"

కొట్టు ముందున్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. గంగాధర్ గారికైతే పూతరేకు పొడి ముక్కులోకి పోయి తుమ్ములే తుమ్ములు. ఆ కుర్రాడొక్కడే నవ్వలేదు. పాపం పట్నం పిల్లాడు, అర్థం కాలేదు కాబోలు అనుకున్నాను. పిచ్చిదాన్ని. వాడికి అర్థమైనంత ఇంకెవడికీ అర్థం కాలేదు.

మర్నాటికల్లా వీడియో ఊరందరి ఫోన్లలోకీ వచ్చేసింది. బస్తా లేదు. విసిరే పోలీసులు లేరు. మా నవ్వులు లేవు. ఏసీ బస్సు ఉంది, పెసరట్టు ఉంది, పలావు ఉంది, "ఇంక ఇంటికి రానంటుందండి" ఉంది. పైన ఎర్రక్షరాలతో "టెంటు గుట్టు విప్పిన భర్త" అని ఉంది. మధ్యాహ్నానికి అదే ముక్క టీవీలో తిప్పి తిప్పి వేశారు. ఎదురుగా కూర్చున్న పెద్దమనుషులు తలలాడిస్తూ దాని మీద చర్చ కూడా పెట్టారు. దున్నపోతు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్నారట!

సాయంత్రం దుర్గ ఫోన్ చేసింది.

"అక్కా, ఆయన్ని ఏమీ అనకే. ఆయన సంగతి నాకు తెలుసు కదా. కానీ ఇక్కడ అనంతపురం వాళ్ళకీ కడప వాళ్ళకీ మన వెటకారం ఎలా చెప్పనే? నీ మొగుడే చెప్పాడు కదమ్మా అంటున్నారు. ఎల్లుండి మంత్రిగారితో మాట్లాడ్డానికి వెళ్ళేవాళ్ళలోంచి నన్ను తీసేశారు. ఇంటికి వెళ్ళిపొమ్మంటున్నారు."

"వచ్చెయ్యవే. వాళ్ళెవరు నిన్ను అనడానికి?"

"ఇప్పుడు వస్తే అది నిజమైపోతుందక్కా" అంది దుర్గ.

అదీ నిజమే. ఇప్పుడు తిరిగొస్తే జీవితాంతం అది అమ్ముడుపోయిన మనిషే. రేపు బళ్ళో పిల్లాడికి గుడ్డు ఒలిచి పెట్టినా, 'మీ పలావు ముందు ఇదెంతలెండి' అనేవాడు ఒకడుంటాడు.

తిన్నగా గంగాధర్ గారి ఎరువుల కొట్టుకి వెళ్ళాను. "ఆ రోజు మీరూ ఉన్నారు కదండీ. సుధాకర్ వెటకారానికి అన్నాడు, మేమంతా నవ్వాం అని ఈ ఫోన్లో ఒక్క మాట చెప్పండి. దుర్గకి పంపిస్తాను. మీ మనవడు కూడా దాని దగ్గరే చదివాడు కదండీ" అన్నాను.

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "నేను నవ్వానాండీ? నాకు తుమ్ములొచ్చాయండి."

"నవ్వితేనే కదండీ తుమ్ములొచ్చాయి!"

"మనకెందుకండీ ఈ గొడవలు, రత్నమాణిక్యం గారూ. అయినా నిప్పు లేందే పొగ రాదు కదండీ."

"ఆ పొగ పెట్టింది మీరే కదండీ! వాడికి సుధాకర్‌ని వేలెట్టి చూపించిందెవరు?"

ఆయన బస్తాలు సర్దుకోవడం మొదలుపెట్టారు. ఆ రోజు నవ్విన ప్రతివాడి గుమ్మమూ ఎక్కి దిగాను. ఒకడు ఆ టైముకి అక్కడ లేనన్నాడు, ఒకడు చెవిలో నీళ్ళు పోయి వినబడలేదన్నాడు. ఒకావిడైతే "ఏమోనమ్మా, మొగుడే చెప్పాక మనమెలా కాదంటాం" అని నాకే చెప్పింది! మా మాటతీరు తెలియని అనంతపురం వాళ్ళు నమ్మారంటే అర్థముంది. వీళ్ళకేం రోగం? ఈ వెటకారంలోనే పుట్టి, ఈ వెటకారంలోనే పెరిగి, కడుపు చేత్తో పట్టుకుని నవ్వినవాళ్ళు! టెంటులో కూర్చున్నవాళ్ళు దొంగలని ముందే తేల్చేసుకున్నారు. సాక్ష్యం ఒక్కటే తక్కువైంది వాళ్ళకి, అది మావాడు ఇచ్చాడు.

తెల్లవారగానే కొట్టు మూసేసి, సుధాకర్‌ని వెంటబెట్టుకుని నిడదవోలు వెళ్ళి రైలెక్కాను. మనిషి రాత్రంతా నిద్రపోయినట్టు లేడు. మా ఎదురు సీటులో తాడేపల్లిగూడెం దిగాల్సిన పెద్దమనిషి ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. అందులోంచి మా మరిది గొంతే వినబడుతోంది. "విన్నారాండీ? సొంత మొగుడే చెబుతున్నాడు. పిల్లల్ని గాలికొదిలేసి పలావులు తింటున్నారండి" అన్నాడాయన మాతోనే.

సుధాకర్ గొంతు సవరించుకున్నాడు. "అది నేనేనండి. ఊరికే వెటకారానికి అన్నానండి."

ఆయన ఫోన్ వైపు, సుధాకర్ వైపు చూసి గట్టిగా నవ్వాడు. "భలేవారండీ! మరి అప్పుడు చేసింది వెటకారమాండీ, ఇప్పుడు చేస్తోంది వెటకారమాండీ?"

"ఒట్టండి. నిజంగానే అబద్ధం చెప్పానండి."

బోగీ అంతా గొల్లున నవ్వింది. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగుతున్నట్టుంది మా పని. ఆ తర్వాత విజయవాడ దాకా సుధాకర్ కిటికీలోంచి తల తిప్పలేదు.

టెంటు ముందు ఇనప కంచెలు, పోలీసులు. లోపల నేల మీద పాత ఫ్లెక్సీలు పరుచుకుని కూర్చున్నారు ఆడవాళ్ళు. చిన్నపిల్లల తల్లులు పిల్లల్ని ఒళ్ళోనే పడుకోబెట్టుకున్నారు. ఓ మూల పెద్ద గిన్నెలో ఉప్మా ఉడుకుతోంది. పెసరట్టు లేదు, పలావు అసలే లేదు. మా దుర్గ ముందు వరసలో లేదు, వెనక వరసలోనూ లేదు. టెంటు బయట నీళ్ళ డ్రమ్ముల దగ్గర ఒక్కత్తీ కూర్చుని అందరి పళ్ళాలూ కడుగుతోంది. ఎండకి మొహం కమిలిపోయింది. మమ్మల్ని చూసి లేచింది. సుధాకర్ దాని చేతిలోంచి పళ్ళెం తీసుకుని తను కడగడం మొదలుపెట్టాడు. నాకు ఏడుపొచ్చింది.

"కడిగింది చాలు గానీ, నడు" అని సుధాకర్ రెక్క పట్టుకుని వేదిక దగ్గరికి లాక్కెళ్ళాను. యూనియన్ నాయకురాలితో మాట్లాడితే, సరే చెప్పుకోనివ్వండి అని మైకు ఇచ్చింది. అక్కడికి మీడియా వాళ్ళు కూడా చేరారు.

"ఆయ్, అందరికీ నమస్కారమండీ. నేను వెంకటదుర్గ గారి భర్తనండి."

ఒక్కసారిగా కేకలు లేచాయి. "ఏసీ బస్సులో వచ్చినావా?" అని ఎవరో అరిచారు. పాపం మావాడికి కంగారొచ్చింది. కంగారొస్తే వాడి నోటికి ఆ ఒక్క దారే తెలుసు.

"ఎబ్బే, మీ అంత సుఖం మాకెక్కడిదండీ..." అన్నాడు.

ఇంకేముంది, టెంటంతా లేచి నిలబడింది. ముందు వరసలోంచి మడకశిర టీచరట, పొడుగ్గా ఉన్న మనిషి, చెంగు బిగించి మీదికొచ్చింది. "ఏమప్పా, మమ్మల్ని ఎగతాళి చేసేకి ఇంత దూరం వచ్చినావా?"

నేను మైకు లాక్కున్నాను. "నోర్ముయ్ సుధాకర్! నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు, నీ నోటివల్ల దాని బతుకు వీధిన పడింది. ఆ ఆయ్‌లూ అండీలూ అవతల పెట్టు. దుర్గకి ఎవరైనా ఏమైనా ఇచ్చారా? ఉన్నదున్నట్టు చెప్పు!"

సుధాకర్ దుర్గ వైపు చూశాడు.

"ఏమీ ఇవ్వలేదు" అన్నాడు. "వెటకారం చేశాను. తప్పయిపోయింది."

మడకశిరావిడ వాడి మొహంలోకి చూసింది. "మరి ఎందుకట్ల చెప్పినావు?"

"మా దగ్గర సూటిగా చెబితే ఎవరూ వినరు. అందుకని తిరగేసి చెబుతాం."

"తిరగేసి చెప్తే మాత్రం విన్నారా?"

వాడు తల అడ్డంగా ఊపాడు. కళ్ళనీళ్ళు బొటబొటా కారాయి. ఆవిడ వెనక్కి తిరిగి, గబగబా డ్రమ్ముల దగ్గరికి వెళ్ళి, దుర్గ తడిచేతిని అలాగే పట్టుకుని జనం మధ్యలోంచి నడిపించుకొచ్చింది. ముందు వరసలో తన పక్కన కూర్చోబెట్టుకుంది. "నువ్వు కూడా రావల్ల రేపు, మంత్రి దగ్గరికి" అంది. దుర్గ ఆవిడ భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు దాని వీపు నిమురుతున్నారు.

నేను కళ్ళు తుడుచుకుంటుంటే ఓ మైకు నా మూతి కిందికి వచ్చింది. ఎవడో వేరే చానల్ వాడు. అయినా అదే చూపు.

"అమ్మా, మిమ్మల్ని ఇక్కడికి ఎవరు తీసుకొచ్చారు? ఎంతిస్తామన్నారు?"

ఎంత మాట వచ్చిందో నా నోటి చివరికి! నేనూ గోదావరి దాన్నే. వీడిని నాలుగు తరాలు గుర్తుంచుకునేలా కడిగెయ్యగలిగిన మాట. నాలుక మీదే ఉంది, తియ్యగా ఉంది. దాన్ని అక్కడే మింగేశాను. మా పాటికి మేం నవ్వుకునే మాటని కూడా మాకు లేకుండా చేశారు కదరా అని కడుపు రగిలిపోయింది.

"ఎవరూ తీసుకురాలేదు. ఎవరూ ఏమీ ఇవ్వలేదు. మా చెల్లెలు ఇక్కడుంది. అది అడిగేది న్యాయం. అందుకని వచ్చాను" అన్నాను, ఒక్కొక్క మాటా విడదీసి.

వాడు ఇంకా ఏమైనా అంటానేమో అని కాసేపు చూశాడు. తర్వాత మైకు దించేసి కెమెరా పట్టుకున్న వాడి వైపు తిరిగాడు.

"ఇది వద్దులే, తీసెయ్" అన్నాడు. "ఇందులో ఏం లేదు."