మొక్కలను తిట్టే ఉద్యోగం

పరిశోధనశాలలో అందరూ కెమిస్టమ్మ అని పిలిచే ఆవిడకు పనే లోకం. ఆకులు ఎండబెట్టడం, పొడి చేయడం, సారం తీయడం, ఆ సారంలో ఏది ఏ జబ్బుకు పనికొస్తుందో గాలించడం. పదకొండేళ్లుగా ఇదే వరస. నలభై రకాల మొక్కలు చేతికి చేదు తప్ప ఏమీ మిగల్చలేదు. నలభై ఒకటోది గోడల పగుళ్లలో మొలిచే పిచ్చి మొక్క. మేనత్త ఇంటి పెరటి గోడ నుంచి ఊరికే నాలుగు రెమ్మలు తుంచి తెచ్చింది. అందులోని ఒక పదార్థం గాజు పళ్లెంలో కీళ్ల కణాల వాపును రెండు రోజుల్లో అణచేసింది.

డైరెక్టరు ఆగమేఘాల మీద గాజు ఇల్లు కట్టించి, రెండు వందల కుండీల్లో ఆ మొక్కను వేయించాడు. తోటమాలి వాటిని కన్నబిడ్డల్లా సాకాడు. మెత్తటి మట్టి, వడకట్టిన నీళ్లు, ఎండెక్కితే తెర, ఉక్కపోస్తే ఫ్యాను. మొక్కలు ఏపుగా పెరిగాయి గానీ, ఆకుల్లో ఆ పదార్థం మచ్చుకైనా లేదు. అత్త గోడ మీది ఆకుల్లో మాత్రం పుష్కలంగా ఉంది.

కెమిస్టమ్మ అత్త ఇంటి మట్టిని, నీళ్లను, చివరికి గోడ సున్నాన్ని కూడా పరీక్షించింది. కారణం దొరకలేదు. ఇక లాభం లేదని ఒక ఆదివారం పీట వేసుకుని పెరట్లోనే కూర్చుంది. అత్త ముప్పై ఏళ్లు సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. తడిబట్టల బకెట్టుతో వచ్చి, ఒక దుప్పటి ఆరేసి, గోడ వైపు తిరిగింది.

"సిగ్గూ శరం ఉందా నీకు? నిన్న పీకితే ఇవాళ మళ్లీ తయారు. గోడ మీ నాన్న కట్టించాడా?"

బకెట్టు ఖాళీ అయ్యేదాకా అలా తిట్టింది. ఒకసారి తిట్టిన తిట్టు మళ్లీ తిట్టలేదు. ఒత్తిడి కలిగితే మొక్క తనను తాను కాపాడుకోవడానికి చేదు పదార్థాలు తయారు చేసుకుంటుందని కెమిస్టమ్మకు తెలుసు. పురుగు కొరికినా, నీళ్లు చాలకపోయినా ఒత్తిడే. మాట పడటం కూడా ఆ కోవలోకి వస్తుందని ఏ పుస్తకంలోనూ చదవలేదు. రెండు వారాలు ఆ గోడ దగ్గర నోరెత్తవద్దని అత్తను బతిమాలింది. ఆ రెండు వారాల్లో ఆకుల్లోని పదార్థం సగానికి పడిపోయింది. అత్తకు అజీర్తి చేసింది.

ఈ సంగతి చెబితే డైరెక్టరు నవ్వుతాడనుకుంది. ఆయన నవ్వకుండా కమిటీ వేశాడు. నెల తిరక్కుండానే అత్తకు 'ఒత్తిడి సహాయకురాలు' అనే ఉద్యోగం, మెడలో కార్డు, గాజు ఇంట్లో ఒక కుర్చీ వచ్చాయి. రోజూ పదిన్నరకు మొదలుపెట్టి, ఒక్కో కుండీనీ నిలబెట్టి కడిగేసేది. వారం తిరిగేసరికి ఆకులు చేదెక్కాయి.

కమిటీ అంతటితో ఊరుకోలేదు. ప్రతి కుండీకీ ఒకే తిట్టు, ఒకే గొంతు, ఒకే నిడివి ఉంటే తప్ప శాస్త్రం ఒప్పుకోదని రాసి పంపింది.

"అందరికీ ఒకే తిట్టు తిడితే అది తిట్టెలా అవుతుంది? బస్టాండులో మైకవుతుంది" అంది అత్త.

సరే, ఆవిడ గొంతు రికార్డు చేసి వినిపించారు. మొక్కలు చలించలేదు. కమిటీ అధ్యక్షుడు స్వయంగా వచ్చి కాగితం చూస్తూ ఒక వరసను తిట్టాడు. ఆ వరస పూలు పూసింది.

పైనుంచి నిపుణులు తనిఖీకి వస్తున్నారని కబురందిన రోజుల్లోనే పదార్థం తగ్గడం మొదలైంది. ఏమైందో చూద్దామని కెమిస్టమ్మ గాజు ఇంటి తలుపు దగ్గర నిలబడి విన్నది. అత్త "దరిద్రపు మొహమా" అనే అంటోంది గానీ, పొద్దున్నే పిల్లను నిద్ర లేపుతున్నట్టుంది. పైగా వాలిపోయిన ఒక మొక్కకు పుల్ల కడుతోంది. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లతో ముప్పై ఏళ్లు వేగిన మనిషికి ఇక్కడ కుర్చీ, టీ, "అమ్మా" అని పిలిచే తోటమాలి. కోపం నిలవడానికి చోటేది?

"ఏం చేయనే, బుద్ధిగల మొక్కలు. నోరు రావడం లేదు" అని అత్త గొణిగింది.

అత్తకు కోపం తెప్పించగల విషయం ఒకటి కెమిస్టమ్మ దగ్గర ఉంది. ఈ పరిశోధన గురించి పత్రికకు పంపే వ్యాసంలో డైరెక్టరు పేరుంది, కమిటీ వాళ్ల పేర్లున్నాయి, ఫ్యాను బిగించినవాడి పేరు కూడా ఉంది. అత్త పేరు లేదు. తిట్లకు వ్యాసంలో చోటుండదని డైరెక్టరు అంటే కెమిస్టమ్మ కిమ్మనకుండా సంతకం పెట్టి, రెండు నెలలుగా దాచింది. అమ్మ పోయాక తనను పెంచింది అత్తే. ఊరందరినీ తిట్టిన ఆ నోటితో తనను ఏనాడూ ఒక్క మాట అనలేదు. అందుకే చెప్పడం వాయిదా వేస్తూ వచ్చింది. తనిఖీకి ముందురోజు, పదిన్నరకు, కుండీల మధ్య నిలబడి చెప్పేసింది.

అత్త చేతిలోని పుల్ల కింద పెట్టింది.

"పేరు పోతే పోయింది. తెలిసి కూడా రోజూ నా పక్కన కూర్చుని అన్నం ఎలా తిన్నావే?"

ఆ తర్వాత నలభై నిమిషాలు ఆగలేదు. ఏడో ఏట పగలగొట్టి పిల్లి మీదకు తోసిన అద్దం దగ్గర్నుంచి మొన్న ఎత్తని ఫోను దాకా అన్నీ వచ్చాయి. అన్నేళ్లుగా అత్త ఏదీ మరిచిపోలేదన్నమాట. కెమిస్టమ్మ తల వంచుకుని నిలబడింది. చెవులు భగ్గుమన్నాయి. కానీ నడిమధ్యలో ఎక్కడో మనసు తేలికపడింది. ఇన్నాళ్లూ అత్త ఇంట్లో తాను మర్యాదగా చూసుకోవలసిన చుట్టాన్నని, ఇప్పుడే ఇంటి మనిషినయ్యానని అనిపించింది.

మర్నాడు నిపుణుల ముందు ఆకులు పరీక్షిస్తే పదార్థం మునుపెన్నడూ లేనంత ఉంది. పక్కవాళ్లు మాటలు పడుతుంటే విని, తమ వంతు ఎప్పుడొస్తుందోనని మొక్కలు బెదురుతున్నాయని నిపుణులు తేల్చారు. కెమిస్టమ్మ పట్టుబట్టి వ్యాసంలో అత్త పేరు చేర్పించింది. మందు ప్రస్తుతం ఎలుకల మోకాళ్ల దాకా వచ్చింది. మనుషుల మోకాళ్లను చేరాలంటే ఇంకా ఏళ్లు పడుతుంది.

అప్పటినుంచి రోజూ పదిన్నరకు తిట్లు తినడం కెమిస్టమ్మ విధుల్లో చేరింది. చిక్కేమిటంటే, కారణం లేనిదే అత్త తిట్టదు, కల్పించి చెబితే ఇట్టే కనిపెడుతుంది. పాత తప్పులు నెల రోజుల్లో అయిపోయాయి. నలభై రెండేళ్లు గీత దాటకుండా బతికిన మనిషి ఇప్పుడు కొత్త తప్పులు వెతుక్కోవాలి. ఒకరోజు మాట తప్పింది. ఇంకోరోజు డైరెక్టరు గొడుగు తీసుకుపోయింది. మొన్న సోమవారం సెలవు పెట్టకుండా పట్టపగలు సినిమాకు వెళ్లి, వెనక వరసలో కాళ్లు చాపుకుని ఆసాంతం చూసింది. చాలా బాగుంది.

మర్నాడు ఆ మాట చెప్పేసరికి అత్త టీ గ్లాసు కింద పెట్టింది.

"నన్ను పిలవకుండానా?" అని మొదలుపెట్టింది.