ప్రూడీ కోసం ఒక పాత రివాల్వర్

రెండేళ్లు దాటినా ఈ చెయ్యి ఇంకా దేన్ని వెతుకుతోంది?

బెల్టు బిగించుకుంటూ డెల్మర్ స్టౌట్ తనను తాను ప్రశ్నించుకున్నాడు. కుడి అరచెయ్యి, ఎవరూ చెప్పకుండానే, తుంటి మీదికి జారి, అక్కడ ఏమీ లేదని తెలుసుకుని వెనక్కి వచ్చింది. రోజూ జరిగేదే. ఇరవైతొమ్మిదేళ్లు కాలవ కంపెనీ వారి రివాల్వర్ అక్కడ వేలాడింది. గట్ల మీద ఎండ కాచుకునే గిలకపాముల కోసం ఇచ్చినది. ఉద్యోగం ముగిసిన రోజున తూముల తాళాలతో, పారతో, మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లతో పాటు దాన్నీ బల్ల మీద పెట్టి సంతకం చేసి వచ్చాడు. తాళాలను గాని పారను గాని చెయ్యి ఎన్నడూ వెతకలేదు. పోయిన వస్తువు కన్నా అది ఉన్న చోటే మనిషితో ఎక్కువకాలం ఉంటుంది కాబోలు అనుకున్నాడు.

అరవైఏడేళ్లవాడు. పొడుగ్గా, ఎండిన కర్రలా ఉంటాడు. నుదురు సగం దాకా పాలలా తెలుపు, ఆ కిందంతా తోలు రంగు. టోపీ గీసిన సరిహద్దు అది. బరువు మోసిన వైపు భుజం కొంచెం కిందికి దిగి అలాగే నిలిచిపోయింది.

"కాఫీ చల్లారిపోతోంది," అంది అతని భార్య వెర్నా పొయ్యి దగ్గర్నుంచి. "ఏంటి తడుముకుంటున్నావు, నడుం ఎక్కడైనా పారేసుకున్నావా?"

"ఉంది."

"అయితే తెచ్చి కూర్చోబెట్టు. శుక్రవారానికి మంచు పడుతుందని రేడియోలో చెప్పారు."

డెల్మర్ కిటికీలోంచి చూశాడు. కంచె పక్కన ప్రూడీ గాలికి వీపు తిప్పి నిలబడి ఉంది. ముప్పైనాలుగేళ్ల కంచరగాడిద. కళ్ల మీద గుంటలు పడ్డాయి. ముందుకాలి గిట్ట మీద ఎముక ఉబ్బి, ఆ కాలిని నేలకు ఆనించీ ఆనించనట్టు పెడుతుంది. పోయిన చలికాలం గడ్డకట్టిన నీళ్ల మీద జారి రాత్రంతా పడి ఉంది. తెల్లవారాక వెర్నా, తను తాళ్లు కట్టి లేపారు. చుట్టూ మంచులో నక్కల అడుగులు, రోజురోజుకీ కాదు, గంటగంటకీ దగ్గరైనట్టు, ఒకదాని లోపల ఒకటి వలయాలుగా ఉన్నాయి. ఆ వలయాలను అతను మరిచిపోలేదు.

"పక్క పొలం హాస్కెల్‌ని పిలు," అంది వెర్నా. "వాడి రైఫిల్‌తో రెండు నిమిషాల పని."

"రైఫిల్‌కి రెండు చేతులు కావాలి."

"నీకూ రెండున్నాయిగా."

"ఒకటి దాని తాడు మీద ఉండాలి, వెర్నా."

ఆమె బంగాళాదుంపలు తిరగేసింది. పశువుల డాక్టరు మాట ఎత్తలేదు. దాని సంగతి నిన్ననే తేలిపోయింది. సూదిమందు మాంసంలో నిలిచిపోతుంది. ఆ లోయలో ముసలి పశువులను మెట్ట మీదికి నడిపించి అక్కడే వదులుతారు. మిగతా పని గద్దలు చేసుకుంటాయి. ముప్పైనాలుగేళ్లు గడ్డి మేసిన ఒళ్లు ఆకాశంలో తిరిగేవాటికి విషం కాకూడదని డెల్మర్ పట్టు.

"ఆ కొనబోయే రివాల్వర్ అరవై డాలర్లు దాటితే దాన్ని దుకాణంలోనే వదిలి రా," అంది ఆమె.

తాకట్టు దుకాణం మూతపడిన సినిమాహాలు పక్కన ఉంది. వెండెల్ క్రాబ్ అద్దాల పెట్టె వెనక, అకార్డియన్ ఒళ్లో పెట్టుకుని దాని బొత్తాలు తుడుస్తున్నాడు. నలభైఏళ్ల మనిషి, పొట్టకు, ప్యాంటుకు మధ్య ఎప్పటికీ తెగని తగవును భుజాల పట్టీలు ఆపుతుంటాయి.

"ఏంటి పెద్దాయనా, ఈ వయసులో బ్యాంకు కొడదామనా?"

"ముందు నీ దగ్గర కొనాలిగా. కొన్నాక బ్యాంకు అవసరం ఎలాగూ పడుతుంది. చూపించు."

వెండెల్ నవ్వుతూ పెట్టె తాళం తీశాడు. పెళ్లి ఉంగరాల వరుస కింద నాలుగు రివాల్వర్లు పడుకుని ఉన్నాయి. డెల్మర్ అన్నిటికన్నా చవకది తీసుకున్నాడు. తూటాలు పెట్టే చక్రాన్ని పక్కకు తెరిచి, ఆరు గదులూ ఖాళీ అని కంటితో చూసి, వేలితో మళ్లీ తడిమాడు. బొటనవేలి గోరును గొట్టం వెనక ఆనించి వెలుతురుకు తిప్పాడు. గోటి మీద పడిన వెలుగు గొట్టంలోకి పాకి, లోపలి గాడులను చూపించింది. అరిగాయి గాని తుప్పు లేదు.

"ఖాళీగా ఒక్కసారి కొట్టి చూడొచ్చా?"

ఆ దేశంలో ఇంకొకరి తుపాకీ పట్టుకుని ఈ మాట అడగకపోవడం, ఇంట్లోకి టోపీ తియ్యకుండా రావడం లాంటిది. వెండెల్ తలూపాడు. డెల్మర్ తూటాను కొట్టే సుత్తిని వీలైనంత నెమ్మదిగా వెనక్కి లాగి, చక్రాన్ని రెండు వేళ్లతో కదిపాడు. అది కదిలింది.

"దీని పళ్లు ఊగుతున్నాయి."

"మనందరివీ ఊగుతున్నాయి పెద్దాయనా."

"నావి ఎవరి నెత్తికీ గురిపెట్టవు."

గది గొట్టానికి సూటిగా నిలవకపోతే తూటా వంకర పోతుంది. వంకర పోతే రెండోసారి కాల్చాలి. ప్రూడీకి రెండోసారి అనేది ఉండకూడదు. అతను దాన్ని యథాస్థానంలో పెట్టాడు. వెండెల్ ఇంకొకటి తీశాడు. నికెల్ పూతతో వెన్నెల ముక్కలా ఉంది, నూట అరవై.

"దీన్ని పెళ్లికి కూడా పెట్టుకుపోవచ్చు."

"నాకు చావుకి కావాలి."

వెండెల్ చేతిలోది అలాగే ఆగిపోయింది. అతని కళ్లు డెల్మర్ ముఖాన్ని కొంచెంసేపు వెతికాయి.

"ప్రూడీకా?" అన్నాడు చివరికి.

"ఇంకెవరికనుకున్నావు? నేను శుక్రవారం మంచు చూడాలిగా."

వెండెల్ ఊపిరి వదిలి రివాల్వర్‌ను పెట్టెలో పెట్టేశాడు. "మా బీట్‌దుంపల చేలకి నీళ్ల వంతు వచ్చేది మంగళవారం. దాని చెవులు గట్టు మీద కనబడగానే మా అమ్మ వంటింట్లోంచి కేకేసేది, లేవండిరా నీళ్లొచ్చాయి అని. మీరు కనబడేవాళ్లు కాదు, చెవులే." అతను మెడ గోక్కున్నాడు. "ఎర్మా కోల్బ్ గారి దగ్గర పోయిన వాళ్లాయనది ఉంది. ముప్పైకి అడిగితే నన్ను దొంగంది. మీరు నలభై అనండి, పెద్దమనిషంటుంది. ముప్పైఎనిమిదో నంబరు తూటా పడుతుంది దానికి. ఎన్ని కావాలి?"

"ఒకటి."

వెండెల్ ఎందుకని అడగలేదు. అక్కడివారికి అది తెలిసిన సంగతే: ఈ పనికి వెళ్లేవాడు ఒక్కటే తీసుకువెళతాడు. జేబులో రెండోది ఉందని తెలిసిన చెయ్యి మొదటిదానికి తొందరపడుతుంది. కొత్త డబ్బా విప్పి ఒక తూటా డెల్మర్ అరచేతిలో పెట్టి, డబ్బు పుచ్చుకోలేదు.

కోల్బ్ గారి ఇల్లు చక్కెర మిల్లు వెనక వరుసలో ఉంది. ఎర్మా పిండి చేతులతో తలుపు తీసింది. లోపల క్యాబేజీ, గొడ్డుమాంసం కూరిన రొట్టెల వాసన. ఆమె చేతులు తుడుచుకుని, బల్ల సొరుగులోంచి ఫ్లానెల్ గుడ్డ మూట తెచ్చి విప్పింది. నల్లటి, సాదా రివాల్వర్. పిడి చెక్క ఒకవైపు మాత్రం, చొక్కా రాసుకున్నంత మేర, రంగు వెలిసింది.

"ఇరవైరెండేళ్లు మిల్లు చుట్టూ రాత్రి కాపలా తిరిగాడండీ ఓటో," అంది ఆమె. "ఒక్కసారి పేల్చిన పాపాన పోలేదు. ఆదివారం ఆదివారం నూనె మాత్రం పట్టేవాడు. నా మోకాళ్లకి ఏనాడన్నా పట్టాడా?"

"అడగకపోయారా?"

"అడిగాను. తుప్పు పట్టాక చూద్దాంలే అన్నాడు."

డెల్మర్ నవ్వాడు. అనుమతి అడిగి సుత్తి లాగాడు. చక్రం గడియపడినట్టు నిలిచింది. వేళ్లతో కదిపితే చలించలేదు. ఎవరికీ తెలియని ఒక మనిషి, ఎన్నడూ రాని ఒక క్షణం కోసం ఇరవైరెండేళ్లు దీన్ని సిద్ధంగా ఉంచాడు. తను కూడా అంతే. వంతు తప్పకుండా తూము తెరిచాడు, వంతు తీరాక మూశాడు. ఎవరి పొలం పండినా అతని పేరు ఎవరూ తలవలేదు. తలవాలని అతనికీ తోచలేదు. జరగవలసినది జరిగినప్పుడు దాని వెనక ఉన్నవాడు కనబడడు. బహుశా పని బాగా చెయ్యడమంటే అదేనేమో.

"నలభై ఇస్తానమ్మా."

"దేనికండీ ఇప్పుడు?"

చెప్పాడు. ఎర్మా గుడ్డను మడత మీద మడత పెట్టింది.

"అయితే ముప్పై చాలు."

"వెండెల్ అడిగింది ముప్పైకేగా. వాణ్ణి దొంగన్నారట."

"వాడు అమ్ముకోడానికి అడిగాడు." ఆమె రివాల్వర్‌ను అతనివైపు జరిపింది. "ఇది మొదటిసారి పేలేది ఒకళ్లని బాధపెట్టడానికి కాకపోతే ఓటో ఏమీ అనుకోడు. రొట్టెలు రెండు పట్టుకెళ్లండి, మీ ఆవిడకి కూడా."

మధ్యాహ్నం మూడు గంటలకు వెర్నా కంచె దాకా వచ్చింది. ప్రూడీ మెడ కింద చెయ్యి పెట్టి, "పోయిరావే, మొండిదానా," అని, తిరిగి తీగ మీది బట్టలు తీయడానికి వెళ్లిపోయింది. ఎండని బట్టలు కూడా తీసేసింది.

మెట్టకు దారి కాలవ గట్టు మీదుగానే. నీళ్లు కట్టేసి పదిరోజులైంది. అడుగున ఒండ్రు పగిలి పెంకుల్లా లేచింది. డెల్మర్ ముందు, ప్రూడీ వెనక, మధ్యలో ఒక బారెడు తాడు. ఎడమచేతిలో ఓట్స్ గింజలు పోసిన సొట్టల సత్తుపళ్లెం. మొదటి తూము దగ్గర ప్రూడీ ఆగింది. అతను లాగలేదు. కంపెనీ ట్రక్కు ఇచ్చేదాకా పదహారేళ్లు అది ఇలాగే ప్రతి తూము దగ్గరా ఆగి, అతను దిగి చక్రం తిప్పి వచ్చేదాకా కదలకుండా ఉండేది. డెల్మర్ వెళ్లి చల్లటి ఇనుప చక్రం మీద చెయ్యి వేసి, తిప్పవలసినంతసేపు నిలబడి, తిరిగివచ్చాడు. అప్పుడు ప్రూడీ నడిచింది. దారిలో ఏడు తూములున్నాయి. ఏడింటి దగ్గరా ఆగారు. ఒకనాడు ఆరో తూము దగ్గర వడగళ్లు కురిస్తే దాని పొట్ట కింద తల దాచుకున్నాడు. నాలుగో తూము దగ్గర, కొడుకు పుట్టాడని ఎవరో గట్టు అవతలి నుంచి అరిచి చెబితే, ముందు ఈ జంతువుకే చెప్పాడు.

మెట్ట మీద గాలి మాచిపత్రి వాసన వేస్తోంది. పళ్లెం నేల మీద పెట్టాడు. ప్రూడీ తల దించి, పళ్లు లేని మూతితో గింజలను నెమ్మదిగా కెలికింది. డెల్మర్ చక్రం తెరిచి తూటా వేసి మూశాడు. ఎడమచెయ్యి తాడు మీద, దవడకు దగ్గరగా. ఎన్నోసార్లు మనసులో చూసుకున్న చోటుకు కుడిచెయ్యి వెళ్లింది. వేలు నొక్కింది.

టిక్‌మంది.

ప్రూడీ ఒక చెవి అతనివైపు తిప్పి, తల ఎత్తి చూసింది.

ఏం జరిగిందో అతనికి వెంటనే తెలిసింది. సుత్తి వెనక్కి వెళ్లినప్పుడల్లా చక్రం ఒక గది జరుగుతుంది. కంపెనీ రివాల్వర్ చక్రం కుడికి తిరిగేది. దానికి మొదటి తూటా సుత్తికి ఎడమపక్క గదిలో వెయ్యాలి. ఇరవైతొమ్మిదేళ్ల అలవాటున చెయ్యి అక్కడే వేసింది. ఓటో రివాల్వర్ ఎడమకు తిరుగుతుంది. తూటా సుత్తి కిందికి రాకుండా అవతలికి వెళ్లిపోయి, ఖాళీ గది వచ్చింది. ఉదయం నుంచి గొట్టం చూశాడు, గడియ చూశాడు. ఎటు తిరుగుతుందో చూడలేదు.

గాలి ఆగింది. ఆ కాస్త నిశ్శబ్దంలో ఇంటికి వెళ్లే దారి ఎంతో దగ్గరగా, ఎంతో న్యాయంగా కనిపించింది. ఇదొక సంకేతమని వెర్నాతో అనవచ్చు. ఆమె కాదనదు. ఇంకొక చలికాలం. అది ఎవరి కోసం? తూము పొరపాటున మూసి ఉంటే, నీళ్లకు దేవుడు అడ్డం పడ్డాడని అతను ఏ రైతుతోనూ అనలేదు. వెళ్లి తెరిచాడు. ఇప్పుడు ఆగితే ఆ దయ ప్రూడీ మీద కాదు, తన మీద. మంచు మీద వలయాలుగా తిరిగిన ఆ అడుగుల మధ్య పడి ఉండవలసింది తను కాదు.

"తప్పు నాదే," అన్నాడు దానితో. "తిను."

తాడు వదలకుండానే, మోకాలికి ఆనించి చక్రం తెరిచాడు. తూటాను బొటనవేలితో తీసి, సుత్తికి కుడిపక్క గదిలో వేసి మూశాడు. ప్రూడీ మళ్లీ తల దించేదాకా ఆగాడు. ఆ తర్వాత ఆగలేదు.

శబ్దం చిన్నదే. తాడు ఒక్కసారి బరువెక్కి, నెమ్మదిగా, అతని చేతిని తనతోపాటు నేల దాకా తీసుకువెళ్లి, ఏ బరువూ లేకుండా పోయింది. అతను మోకాళ్ల మీద ఉండి, ఆ దవడ కింద వెచ్చదనం ఉన్నంతసేపు చెయ్యి తియ్యలేదు. తర్వాత తాడు విప్పి భుజాన వేసుకుని మెట్ట దిగాడు.

సత్తుపళ్లెంలో ఓట్స్ సగం పైగా మిగిలాయి. వాటి నడుమ మూతి పెట్టినంత మేర ఒక చిన్న గుంట, అంచున తడిసిన గింజలు.