రెండు, నాలుగు, ఎనిమిది

ఈసారి గుడ్లు పిల్లలు కాకపోతే తన రొయ్యల హేచరీ మూసేస్తానని పూర్ణచంద్రరావు మచిలీపట్నంలో అందరికీ చెప్పేశాడు. తల్లిరొయ్య గుడ్లు పెట్టిన మూడు గంటలకు ఆయనే మైక్రోస్కోపులోకి వంగి సంబరంగా కేకేశాడు.

"విడిపోతున్నాయమ్మా!"

టెక్నీషియన్ సాయిదుర్గ చూసింది. బతికే గుడ్డు సమానంగా రెండు, నాలుగు, ఎనిమిది కణాలవుతుంది. ఇక్కడ ప్రతి గుడ్డులోనూ చిన్నాపెద్దా ముక్కలు.

"ఇవి చితికిపోతున్నాయండీ. మగరొయ్య బీజం అందలేదు."

"బీజం ఉందని నువ్వేగా చూసి ఈ తల్లిని తీసుకున్నావు?"

ఆమె తొట్లు కడిగే అయ్యప్ప వైపు తిరిగింది. "బాబాయ్, ఈ వారంలో రొయ్య పెంకు విడిచిందా?"

"విడిచింది. ఊడ్చి పారేశాను. అదీ చెప్పాలేంటమ్మా?"

తల్లి కడుపు కింద దాచుకున్న బీజం ఆ పెంకుతోనే ఊడిపోతుందని సాయిదుర్గ చెప్పింది.

"ఇంకో గంట చూద్దాం," అన్నాడు పూర్ణచంద్రరావు, మళ్ళీ వంగుతూ.

అప్పటికి ఆ ముక్కలు కూడా మిగలవని ఆమె చెప్పలేకపోయింది.