చెమ్మ మేస్త్రీ చిన్నకోడలు

గోడలో చెమ్మ ఎక్కడుందో కనిపెట్టడానికి ఆయనకు తేమ కొలిచే మీటరుతో పెద్దగా పని లేదు. గుమ్మంలో నిలబడి ఒక్కసారి ముక్కు ఎగబీలిస్తే చాలు. "బాత్రూము అవతలి గోడ, కింది నుంచి మూరెడు ఎత్తున" అనేవాడు. పగలగొట్టి చూస్తే సరిగ్గా అక్కడే ఉండేది. అందరూ ఆయన్ని చెమ్మ మేస్త్రీ అనేవారు. ఎవరింటికి వెళ్లినా మనుషుల్ని పలకరించే ముందు గోడలు తడిమి చూసేవాడు. ఆ పుణ్యమా అని భార్య ఆయన్ని చుట్టాల ఇళ్లకు తీసుకువెళ్లడం మానేసింది.

అలాంటి మహానుభావుడి ఇంటికి కోడలు కాపురానికి వస్తూ ఒక పామును వెంటబెట్టుకొచ్చింది.

అదేదో రెయిన్‌బో బోవా అట. విషం లేదు, పొగరూ లేదు. ఇటుకరంగు ఒంటి మీద నల్లటి సున్నాలు చుట్టుకుని, చెక్క పెట్టెలో అద్దం వెనక పడుకుని ఉండేది. దాని మీద వెలుతురు పడితే మాత్రం, రోడ్డు మీది నీళ్లలో నూనె చుక్క పడ్డట్టు రంగులే రంగులు. కోడలు దాన్ని రంగి అని పిలిచేది. అత్తగారు మొదటిరోజు దాన్ని చూసి మంచమెక్కింది. దిగాక దానికి చిన్నకోడలు అని తనే పేరు పెట్టింది.

పేరైతే పెట్టింది కానీ ఆ గది ముందు నుంచి నడిచేది కాదు. వంటింట్లోకి వెళ్లాలంటే పెరట్లోంచి చుట్టూ తిరిగి వెళ్లేది. ఇది చూసి చూసి కోడలికే ప్రాణం చివుక్కుమంది.

"మా వల్ల అత్తయ్య సొంత ఇంట్లో చుట్టంలా బతుకుతున్నారు మామయ్యా. మేం వేరే ఇల్లు చూసుకుంటాం. కోపంతో కాదు, నిజంగా."

మేస్త్రీ గుండె జారిపోయింది. ఎందుకంటారా? ఈ భూప్రపంచంలో ఆయన చెమ్మ గురించి చెప్పేది చివరిదాకా వినే మనిషి ఆ పిల్ల ఒక్కతే. కన్నకొడుకు కూడా సగంలో లేచిపోయేవాడు. ఆ పిల్ల మాత్రం "మరి గోడ మీద ఉప్పు ఎందుకు పొంగుతుంది మామయ్యా?" అని ఎదురు ప్రశ్న వేసేది. అలాంటి కోడల్ని ఎవడు వదులుకుంటాడు!

ఇంతలో కొడుకూ కోడలూ ఉద్యోగం పని మీద కొన్నాళ్లు వేరే ఊరు వెళ్లాల్సి వచ్చింది. రంగిని స్నేహితురాలి దగ్గర వదిలి వెళతానంది కోడలు.

"నేను లేనా? నేను చూసుకుంటాను. మీరు తిరిగొచ్చేసరికి అది ఈ ఇంట్లో సుఖంగా ఉంటే, ఇక వేరే ఇంటి మాట ఎత్తకూడదు. సరేనా?" అన్నాడు మేస్త్రీ ఛాతీ విరుచుకుని.

"సరే. కానీ జాగ్రత్తగా వినండి మామయ్యా. ఇది వానలు కురిసే అడవుల జీవి. పెట్టెలో గాలి ఎప్పుడూ తడిగా ఉండాలి. పొద్దునా సాయంత్రం నీళ్లు చిలకరించండి. అడుగున పరిచిన నాచు ఎండకూడదు. ఎక్కువ వేడి తగలకూడదు. తిండి నేను పెట్టేసే వెళుతున్నా, ఆ బాధ మీకొద్దు."

మేస్త్రీ తల ఊపుతూనే ఉన్నాడు. కళ్లు మాత్రం పెట్టె వెనక చెక్క మీద పడ్డాయి. అక్కడ ఇంత నల్లటి చెమ్మ మరక! అద్దం నిండా నీటి చుక్కలు! ఆయనకు ఒళ్లంతా జెర్రులు పాకాయి.

మొదట్లో చెప్పినట్టే నీళ్లు చిలకరించాడు పాపం. కానీ నీటిబుడ్డి పట్టుకున్న ప్రతిసారీ ఒకటే గొణుగుడు. జీవితమంతా చెమ్మను తరిమిన చేతులతో చెమ్మను పెంచడమా? చివరికి పెద్దవాళ్లందరికీ వచ్చే జబ్బే ఆయనకూ వచ్చింది. "అమ్మాయికి తెలియదు పాపం, చిన్నపిల్ల" అనుకున్నాడు. వెనక చెక్కకు గాలి ఆడేలా చిల్లులు పెట్టాడు. బీరువాల్లో వేసే తేమ పీల్చే సంచులు తెచ్చి నాచు కింద సర్దాడు. తన మీటరు పెట్టి చూశాడు. ముల్లు ఆకుపచ్చ గీత మీదికి వచ్చింది. ఆ మీటర్లో ఆకుపచ్చ అంటే పొడిగా ఉందని.

"చూడవే, నీ చిన్నకోడలి ఇల్లు ఎంత శుభ్రంగా ఉందో!"

"బాగుందని అది చెప్పిందా?" అంది భార్య పెరట్లోంచి.

కొన్నాళ్లకు ఆవిడే వచ్చి చెప్పింది. "ఏమండీ, చిన్నకోడలి కళ్లు తెల్లబడ్డాయి. పాలు పోసినట్టున్నాయి."

"నీకెలా తెలుసు? నువ్వు అటువైపే వెళ్లవుగా?"

"ఏదో, అటుగా పోతూ చూశాలెండి."

పెరట్లోంచి వంటింటికి వెళ్లే మనిషి అటుగా ఎలా పోయిందో అడిగే ఓపిక ఆయనకు లేకపోయింది. వెళ్లి చూస్తే పై ప్రాణాలు పైనే పోయాయి. మరో నాలుగైదు రోజులకు కళ్లు తేటబడినట్టే కనిపించాయి కానీ, ఒంటి మీద కుబుసం పీలికలు పీలికలై అతుక్కుపోయింది. మెడ దగ్గర పాత చొక్కా కాలరులా వేలాడుతోంది. రంగుల్లేవు, నిగనిగల్లేవు. పాపం, పెట్టెలో ఉన్న రాయికేసి రుద్దుకుంటోంది.

రంగిని గుడ్డసంచిలో వేసి, సంచి మూతి కట్టి జంతువుల డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాడు. భార్య కూడా బండెక్కింది, సంచికి ఎంత దూరం జరగగలదో అంత దూరం జరిగి.

డాక్టరమ్మ అటూ ఇటూ తిప్పి చూసింది. "కుబుసం విడిచే ముందు కళ్లు తెల్లబడటం మామూలే. ఇలా అతుక్కుపోవడం మామూలు కాదు. ఈ జాతికి గాలిలో తడి లేకపోతే బతుకే లేదు. మీరేం చేస్తుంటారు?"

"ఇళ్లలో చెమ్మ తీసేస్తుంటానమ్మా."

"దీనిక్కూడా తీసేశారు" అంది డాక్టరమ్మ.

గోరువెచ్చని నీళ్లలో తడిపి పిండిన తువ్వాళ్ల మధ్య, మూతకు చిల్లులున్న డబ్బాలో దాన్ని ఉంచారు. పీలికలు మెత్తబడి ఊడిపోయాయి. ఎడమ కంటి మీద పొర మాత్రం ఊడలేదు.

"దాన్ని గోటితో గీకారో, కన్నే పోతుంది. మళ్లీ కుబుసం విడిచేదాకా గాలిలో తడి తగ్గనివ్వకండి. పడక చిత్తడి కాకూడదు, గాలి తడిగా ఉండాలి. అప్పుడూ రాకపోతే ఆలోచిద్దాం."

ఇంటికొచ్చి మేస్త్రీ సంచులన్నీ పీకి అవతల పారేశాడు. చిల్లులు మూశాడు. అయినా నమ్మకం కలగక గది కిటికీలు బిగించి, తడి దుప్పట్లు వేలాడదీసి, వెడల్పాటి పళ్లాల్లో నీళ్లు పెట్టాడు. దుప్పట్లు పిండింది ఎవరనుకున్నారు? పెద్దావిడే, అత్తగారే. "నా కోసం కాదు, ఆ పిల్ల వస్తే ఏం మొహం పెట్టుకుని చూస్తాం" అంటూ పిండింది. పెరటి దారి ఎప్పుడు మానేసిందో ఆవిడకే తెలియదు.

కోడలు తిరిగొచ్చి చేతిలో సంచి కింద పెట్టకముందే మేస్త్రీ అంతా కక్కేశాడు. ఆ పిల్ల లోపలికి వెళ్లి రంగి కన్ను చూసింది. పెట్టె వెనక చెక్క మీద మూసిన చిల్లులు తడిమింది.

"నేను చెబుతున్నప్పుడు మీరు ఆ చెక్క వైపే చూస్తున్నారు మామయ్యా" అంది చివరికి. నవ్వలేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు.

ఆ వారమే మొగుడూ పెళ్లాలు వేరే ఇల్లు చూడటానికి వెళ్లొచ్చారు. ఏమైందని మేస్త్రీ ఎలా అడుగుతాడు? అడిగే మొహం ఎక్కడిది? పొద్దునా సాయంత్రం నీళ్లు చిలకరించాడు. ఇక గది గోడ సంగతి చెప్పాలా? పెయింటు బొబ్బలెక్కింది, మూల నల్లబడింది, మరక తలుపు దాటి హాల్లోకి పాకింది.

సరిగ్గా అప్పుడే ఒక పెద్ద స్కూలు ప్రిన్సిపాలమ్మ, హాస్టలు గోడల పని అప్పజెబుదామని ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. కుర్చీలో కూర్చుని కళ్లెత్తి చూస్తే ఎదురుగా ఇంతెత్తు మరక.

"ఏమిటండీ, చెమ్మ మేస్త్రీ ఇంట్లోనే చెమ్మా?"

లోపల కోడలు నీళ్ల గిన్నె కడుగుతున్నదల్లా ఆగింది. మేస్త్రీ ఒక్క క్షణం మరక వైపు చూశాడు. పైన పైపు పగిలిందంటే పరువు దక్కేది. నాలుక దాకా వచ్చింది కూడా.

"అదా అమ్మా? దాన్ని నేనే పెంచుతున్నాను. మా ఇంట్లో ఒకరికి అది లేకపోతే పడదు. ఇప్పట్లో తీసేది లేదు" అన్నాడు.

ఆవిడ హ్యాండుబ్యాగు తీసుకుని, ఇంకో మేస్త్రీని వెతుక్కుంటూ వెళ్లిపోయింది.

కొన్ని వారాల తర్వాత ఒకరోజు పొద్దున్నే ఆ గదిలోంచి పెద్దావిడ కేక వినిపించింది. పాము కరిచిందేమోనని అందరూ పరిగెత్తారు. తీరా చూస్తే ఆవిడ పెట్టెకు ముక్కు ఆనించి నిలబడి ఉంది.

"వచ్చిందండీ! ముక్కలు కాకుండా మొత్తం వచ్చింది!"

మేజోడు తిరగేసి విడిచినట్టు, తల నుంచి తోక దాకా ఒకటే కుబుసం. కోడలు దాన్ని వెలుతురుకు పట్టి తల దగ్గర వెతికింది. ఎడమ వైపు పాత పొర, కొత్త పొర ఒకదాని మీద ఒకటి అంటుకుని వచ్చేశాయి. పెట్టెలో రంగి కొత్త ఒంటితో, రెండు కళ్లతో, ఎవరినీ లెక్కచేయకుండా మెరిసిపోతోంది. మేస్త్రీ కళ్లు తుడుచుకుని, గదిలో తేమ ఎక్కువైందని గొణిగాడు.

"మామయ్యా, ఆ రోజు చూసొచ్చామే, ఆ ఇల్లు వద్దని చెప్పేశాం" అంది కోడలు.

"ఎందుకమ్మా? బాగాలేదా?"

"ఇల్లు బంగారంలా ఉంది. కానీ మరీ పొడి. ఏ గోడ పట్టుకున్నా చుక్క చెమ్మ లేదు. అందులో రంగి ఎలా బతుకుతుంది?"

"ఏ వీధిలోది?"

కోడలు చెప్పింది. మేస్త్రీ మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. ఆపుకుందామనుకున్నాడు కానీ ఆయన వల్ల కాలేదు.

"చెమ్మ ఎలా ఉంటుందమ్మా? అక్కడ చెమ్మ తీసింది నేనే!"

"మీ గొప్పలు తర్వాత. ముందు ఆ తలుపు వేయండి, తడంతా బయటికి పోతోంది" అంది పెద్దావిడ.