ఉతికి ఆరేసిన పగ

ఉతికే మిషన్లు మూడూ ఒకేసారి తిరుగుతున్నప్పుడు ఫోనెత్తకూడదు. ఎత్తాను.

"ఏవండీ, పరీక్ష కాగితం వచ్చింది," అంది మా ఆవిడ. "పిల్లలన్నీ ఆడవే!"

"ఏంటీ?"

"ఆడవేనండీ! వందకి వంద! ఒక్కటంటే ఒక్కటి కూడా..." అని ఏడ్చేసింది. లైను తెగిపోయింది.

ఆడవు. అంటే కాలు ఆడదు, చెయ్యి ఆడదు, ఊపిరి ఆడదు. తాబేలు పిల్లలన్నీ పోయాయన్నమాట. చేతిలో దిండు గలీబు జారి కింద పడింది.

మా ఆవిడ ఏడేళ్ళుగా సముద్రపు ఒడ్డున తాబేలు గుడ్లు కాస్తోంది. తల్లి ఇసుకలో గుడ్లు పెట్టి నీళ్ళలోకి వెళ్ళిపోతే, కుక్కలు తవ్వకముందే వాటిని కంచె లోపలికి తెచ్చి మళ్ళీ పూడ్చిపెడుతుంది. నాకు కాఫీ ఇవ్వడం మరిచిపోతుంది గానీ ఇసుకలో గుచ్చిన థర్మామీటరు చూడడం మరిచిపోదు. ఏటేటా ఎండ ముదురుతోంది, ఇసుక పెనంలా కాలుతోంది. కంచెకి మిగిలిన నీడల్లా పక్కనున్న చెట్ల వరసే. దాన్ని నరికించినవాడు మా బావ, ఆవిడ సొంత అన్న. అతని హోటల్ గదుల్లోంచి సముద్రం కనబడడం లేదట! వచ్చినవాళ్ళు గుడ్లప్పగించి చూడడానికి, ఇసుకలో గుడ్లు మాడాలన్నమాట.

పాపం, మా ఆవిడ గుడ్లకి గుడ్డలు కట్టింది. నాలుగు కర్రలు పాతి పాత చీరలు పరిచింది. "చూడ్డానికి అసహ్యంగా ఉందమ్మా," అని అవీ పీకించాడు. ఆ రోజే అన్నాను, వీణ్ణి ఎప్పటికైనా ఉతికి ఆరేస్తానని.

"మీకు తెలిసిన పని అదొక్కటేగా," అంది ఆవిడ.

నిజమే. ఆ హోటల్ బట్టలన్నీ ఉతికేది నేనే. నా లాండ్రీ దాని వెనక వాకిట్లోనే ఉంది. ఆ మధ్యాహ్నమే బావ కొత్త మేడ ప్రారంభం. నలభై గదుల దుప్పట్లు, కిటికీ తెరలు, తువ్వాళ్ళు నా దగ్గర మడతలు పెట్టి ఉన్నాయి. ఇస్త్రీ చేసే స్త్రీలిద్దర్నీ పిలిచి బండికెత్తించాను.

"ఎక్కడికన్నా?" అంది పెద్దామె.

"ఆరెయ్యడానికి."

"ఆరిపోయాయిగా!"

"బట్టలు ఆరాయి. నేను ఆరలేదు."

కంచె చుట్టూ కర్రలు పాతాం, తాళ్ళు బిగించాం. పైన పందిరిలా దుప్పట్లు, హోటలుకెదురుగా గోడలా తెరలు. గంటన్నరలో సముద్రం మాయమైంది. బాల్కనీల్లోకి వచ్చిన అతిథులకి వాళ్ళ దుప్పట్లే దర్శనమిచ్చాయి. కడుపు నిండినంత సంతోషమేసింది నాకు.

బావ కొత్త బూట్లలో ఇసుక నింపుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. "ఏంటి బావా ఇది! గదుల్లో ఒట్టి పరుపులున్నాయి! నా పరువు పోయింది!"

"పరుపు మిగిలిందిగా. పడుకో."

"నా మీద ఇంత పగేంటయ్యా?"

"చంపేశావు కాబట్టి! నీ మేనల్లుళ్ళని, వందమందినీ!"

నా గొంతుకి మైకు అక్కర్లేదు. పైన బాల్కనీల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో "హత్యలా?" అన్నారు. బావ మొహం నా దుప్పట్లకన్నా తెల్లబడింది. ఈలోగా మా ఆవిడ కాగితం పట్టుకుని రొప్పుతూ వచ్చింది.

"ఎవరు చచ్చారండీ?"

"నువ్వేగా చెప్పావు, పిల్లలన్నీ ఆడవని!"

ఆవిడ తల కొట్టుకుంది. "ఆడవు కాదు మహానుభావా, ఆడవి! మొదటి గుంతలో పుట్టినవాటి రక్తం పరీక్షలో తేలింది. మీ బావకి వందమందీ మేనకోడళ్ళే!"

ఇస్త్రీ స్త్రీలు పగలబడి నవ్వారు. బావకి ప్రాణం లేచొచ్చింది. "బతికే ఉన్నాయిగా! ఆడపిల్లలైతే మరీ మంచిది. విప్పించు బావా దుప్పట్లు."

"చెయ్యి వేశావంటే ఊరుకోను అన్నయ్యా!" ఆవిడ అంత గట్టిగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. "ఇసుక చల్లగా ఉంటే మగపిల్ల, కాలిపోతే ఆడపిల్ల. మగవే లేకపోతే, రేపు ఇవి పెద్దవై పెట్టే గుడ్లలో పిల్లలుండవు. చంపితే ఒక్కరోజులో పోయేవి. నువ్వు వంశాన్నే నిదానంగా ఆర్పుతున్నావు. ఇంకా పదకొండు గుంతల్లో గుడ్లున్నాయి, పూడ్చి పది రోజులే అయింది. ఈ నీడ ఉంటే వాటిల్లో కొన్నైనా మగవి పుట్టొచ్చు."

"ఎన్నాళ్ళుంచాలి?"

"పిల్లలు పైకొచ్చేదాకా. నలభై రోజులు."

"నా అతిథులు దేనిమీద పడుకుంటారు?"

"నువ్వు కొట్టించిన చెట్ల మొద్దులున్నాయిగా," అన్నాను.

"సరే, నలభై రోజులూ ఉండనీ," అన్నాడు బావ, చెల్లెలి కళ్ళలోకి చూడలేక.

"అయితే అన్నా," అంది పెద్దామె, "నీ పగకి మగ పుడుతుందన్నమాట!"

అంతటితో వదిలెయ్యొచ్చు. వదల్లేదు. ఒక్కో బాల్కనీ కిందా బావని నిలబెట్టి, జరిగింది అతని నోటితోనే చెప్పించాను.

"ఎవరూ చావలేదండీ," అని అరిచాడు బావ. "మా బావ తప్పుగా విన్నాడు. ఆడవు కాదండీ, ఆడవి. చెట్లు నేనే కొట్టించాను, ఇసుక కాలిపోయింది, అందుకే అన్నీ ఆడవే పుట్టాయి."

మూడో అంతస్తు ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏంటీ? ఆడవా?" అన్నాడు.

మళ్ళీ మొదట్నుంచీ చెప్పించాను.